మూడు మీటర్ల దూరంలో వీధి: గోదావరి జిల్లాల్లో మిర్రర్‌లెస్ కెమెరా

రాజమండ్రిలోనో భీమవరంలోనో కెమెరా కొనాలనుకునే కుర్రాడికి మొదటి సలహా పెళ్ళిళ్ళు తీసే స్టూడియో నుంచే వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ తీసుకో, దాని మీద 24-70 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ వేసుకో, సీజన్ బాగుంటే వచ్చే ఏడాది 70-200 చూద్దాం. మండపంలో ఈ సలహాకి తిరుగులేదు. అక్కడ లైట్లు మనవే, జనం కెమెరా కోసమే నిలబడతారు, కిలోన్నర బరువు మోయడానికి పక్కన ఒక అసిస్టెంటు కూడా ఉంటాడు. వీధిలోకి వచ్చేసరికి ఈ లెక్కల్లో ఒక్కటీ నిలబడదు.

డెల్టా పట్టణాల బజారు ఇరుకు. కొట్టు మెట్లు, వాటి ముందు తోపుడుబండి, దాని పక్కన ఆపిన బైకు పోగా నడవడానికి మిగిలేది కొద్ది జాగా. తీయదలచిన మనిషి రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్ల లోపే దొరుకుతాడు. అంతకన్నా వెనక్కి జరిగితే మధ్యలోకి ఆటో వస్తుంది. అందుకే ఇక్కడి వీధికి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది) ఎంచుకునేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది మెగాపిక్సెళ్ళు కాదు, మూడు మీటర్ల దూరం. లెన్స్, సెన్సర్, ఫోకస్, షటర్ వేగం అన్నీ ఆ దూరాన్ని బట్టే తేలతాయి.

లెన్స్ ముందు, బాడీ తర్వాత

ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 x 15.6 మి.మీ. ఉంటుంది. దాని మీద 23 ఎం.ఎం. లెన్స్ పెట్టి మూడు మీటర్ల దూరంలో చూస్తే ఫ్రేములోకి వచ్చే జాగా మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. అంటే టీకొట్టు ముందు నిలబడ్డ మనిషి తల నుంచి చెప్పుల దాకా వస్తాడు, అటొకరు ఇటొకరు కూడా పడతారు. అదే చోట 35 ఎం.ఎం. పెడితే వెడల్పు రెండు మీటర్లు, ఎత్తు మీటరు ముప్పావు కూడా రాదు, 1.3 దగ్గర ఆగిపోతుంది. మోకాళ్ళ కింద తెగిపోతుంది. 16 ఎం.ఎం. అయితే నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. ఫ్రేము నిండా ఫ్లెక్సీలు, కరెంటు తీగలు, పార్కింగు బళ్ళు చేరి అసలు మనిషి వెతుక్కోవలసినంత చిన్నగా అవుతాడు. ఈ ఊళ్ళకి 23 సరైన అంకె. నికాన్‌లో 24 ఎఫ్/1.7, కెనాన్‌లో 28 ఎఫ్/2.8, ఫ్యూజీలో 23 ఎఫ్/2 లేదా 27 ఎఫ్/2.8 ఆ దరిదాపుల్లోనివే.

కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌తో మొదలుపెట్టేవాళ్ళు దాన్ని 23 దగ్గర పెట్టి ఒక నెల కదపకుండా తీస్తే చాలు, కన్నుకి ఆ కొలత పట్టుబడుతుంది. ఒక చిక్కు ఉంది. మోటారుతో తిరిగే జూమ్ లెన్స్‌లు కొన్ని కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేయగానే మళ్ళీ 16 దగ్గరికే వచ్చి నిలబడతాయి, పైగా బయటికి సాగడానికి ఒక క్షణం తీసుకుంటాయి. వీధిలో ఆ క్షణమే ఖరీదైనది.

బాడీ విషయానికొస్తే బరువు, వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ), తడిని తట్టుకోవడం ఈ మూడూ చూస్తే సరిపోతుంది. ఫ్యూజీ ఎక్స్-టీ30 టూ 378 గ్రాములు, దానికి 23 ఎఫ్/2 కలిపితే 560 గ్రాముల లోపు. కెనాన్ ఆర్50కి 28 ఎఫ్/2.8 తగిలిస్తే అర కిలో. సోనీ ఏ6400 బాడీ నాలుగు వందల గ్రాముల పైచిలుకు. ఇవి మణికట్టు పట్టీకి వేలాడుతూ రెండు మూడు గంటలు ఉన్నా చెయ్యి గుంజదు. అంతకన్నా ముఖ్యం, ఎదుటివాడికి ఇది 'ఛానెల్ వాళ్ళ కెమెరా' అనిపించదు.

వ్యూఫైండర్ లేని బాడీలు చవగ్గా వస్తాయి. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10, ఫ్యూజీ ఎక్స్-ఎం5 ఆ కోవలోవి. వీడియో తీసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఏప్రిల్‌లో పొద్దున్న పదకొండు గంటలకి అమలాపురం గడియారస్తంభం దగ్గర నిలబడి వాటి స్క్రీన్ చూడబోతే కనిపించేది తీసేవాడి మొహమే. వీధికి కొంటుంటే, ఎంత ఆదా అయినా సరే, వీటి జోలికి పోకపోవడం మేలు. బాడీలోనే ఉండే స్టెబిలైజేషన్ కోసం మాత్రం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. అది వణికే చేతిని ఆపుతుంది గాని నడిచే మనిషిని ఆపదు.

ఫుల్‌ఫ్రేమ్ లాభం ఎక్కడ ఆవిరవుతుంది

చీకట్లో ఫుల్‌ఫ్రేమ్ చుక్కలు తక్కువగా, శుభ్రంగా తీస్తుందన్నది నిజమే. అయితే వీధి ఫొటోలో వెనక అంతా మసకబార్చి ఒక్క మొహాన్ని తేల్చడం అరుదుగా కావాలి. ముందు మనిషి, వెనక కొట్టు, ఆ పైన బోర్డు అన్నీ చదవగలిగేలా ఉండాలి. అంటే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మూయాలి, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. ఒకే దృశ్యకోణంలో, దగ్గర నుంచి దూరం దాకా ఒకే లోతు స్పష్టత రావాలంటే ఇంకా చిన్న సెన్సర్ అయిన మైక్రో ఫోర్‌థర్డ్స్‌లో 17 ఎం.ఎం.తో ఎఫ్/5.6 చాలు. ఏపీఎస్-సీలో 23తో ఎఫ్/8 కావాలి. ఫుల్‌ఫ్రేమ్‌లో 35తో ఎఫ్/11 దాకా వెళ్ళాలి. మూడింటికీ హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ పెడితే దానిలో సగం దూరం నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా ఉంటుంది) 3.3 నుంచి 3.7 మీటర్ల మధ్యే పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ వాడేవాడు అపెర్చర్ ఒక స్టాప్ (వెలుగు సగమయ్యే మెట్టు) ఎక్కువ మూశాడు కనుక ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, ఒక స్టాప్ పెంచక తప్పదు, దాంతో చుక్కలూ పెరుగుతాయి. పెద్ద సెన్సర్ ఇచ్చిన శుభ్రత అక్కడికక్కడే ఖర్చైపోతుంది. మిగిలేది బరువూ బిల్లూ.

ఈ లెక్క తిరగేస్తే ఇంకో మాట బయటపడుతుంది. ఆరు నెలలు తడిలో ఉండే ఈ ప్రాంతానికి ఓఎం సిస్టమ్ ఓఎం-5 లాంటి చిన్న సెన్సర్ బాడీని జనం పట్టించుకోకపోవడం వింతే. ఐపీ53 (దుమ్ము, నీటి తుంపరలని తట్టుకునే స్థాయి) రక్షణ ఉన్న కెమెరా, బ్యాటరీతో కలిపి 414 గ్రాములు. అయితే లెన్స్ కూడా సీల్ ఉన్నదే అయి ఉండాలి, ఉదాహరణకి 12-45 ఎఫ్/4 ప్రో. బాడీకి సీల్ ఉండి లెన్స్‌కి లేకపోతే నీళ్ళు మౌంటు (లెన్స్ తగిలే చోటు) దగ్గరే లోపలికి దిగుతాయి. 'వెదర్ సీల్డ్' అని బాడీ పెట్టె మీద చూసి వానలోకి వెళ్ళేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

ఫోకస్‌ని కెమెరాకి వదలకుండా

కళ్ళని పట్టే ఆటోఫోకస్ ఇప్పటి బాడీల్లో అద్భుతంగా పనిచేస్తుంది, ఒక్క మొహం ఉన్నప్పుడు. రైతుబజారులో ఫ్రేములో పన్నెండు మొహాలు ఉంటే ఏది మనకి కావాలో దానికి తెలియదు. తలకి తువ్వాలు చుట్టి వంగిన మనిషిని వదిలేసి, వెనక ఫ్లెక్సీలో నవ్వుతున్న నాయకుడి కళ్ళని పట్టుకుంటుంది. ఇది ఎగతాళి మాట కాదు. ఎన్నికల రోజుల్లో తీసిన ఫొటోలు తిరగేస్తే తెలుస్తుంది.

దీనికి పాత మందు జోన్ ఫోకస్, అంటే దూరాన్ని ముందే బిగించి పెట్టుకోవడం. 23 ఎం.ఎం., ఎఫ్/8, దూరం రెండున్నర మీటర్లు. ఇలా బిగిస్తే ఏపీఎస్-సీలో 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. వెలుగు తగ్గి ఎఫ్/5.6కి వస్తే అదే దూరానికి 1.6 నుంచి 5.3 మీటర్లు. బజారుకి ఇది చాలు. ఎఫ్/2 దగ్గర మాత్రం జోన్ ఫోకస్ గురించి మరచిపోవాలి, అప్పుడు ఒక చిన్న చతురస్రాన్ని ఎంచుకుని ఆటోఫోకస్‌కే ఇవ్వాలి.

రెండున్నర మీటర్లు ఎంతో కంటికి తెలియాలంటే ఇంట్లో గచ్చు మీద టేపు పెట్టి కొలుచుకోవడమే మార్గం. మామూలు మనిషి మూడున్నర అడుగులు వేస్తే సుమారు ఆ దూరం వస్తుంది.

మిర్రర్‌లెస్‌లో ఇక్కడొక ఉచ్చు ఉంది. చాలా లెన్స్‌ల ఫోకస్ రింగు అద్దాలని నేరుగా తిప్పదు, మోటారుకి ఆజ్ఞ ఇస్తుంది, అంతే. కెమెరా నిద్రలోకి జారినా, ఆఫ్ చేసి ఆన్ చేసినా మనం పెట్టిన దూరం చెరిగిపోవచ్చు. పొద్దున్న రెండున్నరకి పెట్టి, మధ్యలో కాఫీ తాగి వచ్చి తీసిన ఫొటోలన్నీ మసగ్గా వస్తే కారణం ఇదే. ఫోకస్ స్థానాన్ని గుర్తుంచుకునే ఆప్షన్ మెనూలో ఉంటే ఆన్ చేయాలి. లేకపోతే ఆటో పవర్ ఆఫ్ వ్యవధిని పెంచి, ప్రతిసారీ తీసే ముందు స్క్రీన్ మీద దూరం గీత ఒకసారి చూసుకోవాలి. మూడో దారి చవకైనది. టీటీ ఆర్టిజన్, సెవెన్ ఆర్టిజన్స్ వాళ్ళ పూర్తి మాన్యువల్ లెన్స్‌ల మీద మీటర్ల అంకెలు చెక్కి ఉంటాయి. ఒకసారి తిప్పి పెడితే, చెయ్యి తగిలితే తప్ప కదలవు. వాటిని తగిలించినా చాలా కెమెరాలు గుర్తించవు, కనుక 'లెన్స్ లేకుండా షటర్' అన్న ఆప్షన్ అనుమతించాలి, లేదంటే చాలా కెమెరాలు నొక్కినా పలకవు. కొత్తగా కొన్న లెన్స్ పాడైందని కొరియర్లో తిప్పి పంపేవాళ్ళలో కొందరి బాధ ఇంతే.

షటర్ వేగం: నడక, సైకిలు, ఎల్ఈడీ

మూడు మీటర్ల దూరంలో అడ్డంగా నడిచే మనిషి 23 ఎం.ఎం. లెన్స్ వెనక సెన్సర్ మీద సెకనుకి సుమారు 10 మి.మీ. జరుగుతాడు. 24 మెగాపిక్సెళ్ళ సెన్సర్‌లో షటర్ 1/125 (సెకనులో 125వ వంతు) దగ్గర అది 20 పిక్సెళ్ళ మసక. 1/500 దగ్గర 5 పిక్సెళ్ళు. ఊగే చేతికీ, ఎత్తిన అడుగుకీ దీనికి రెట్టింపు వేసుకోవాలి. కనుక పగలు 1/500 కనీసం, బైకులకి 1/1000. నడినెత్తిన ఎండ ఉంటే ఐఎస్ఓ 400, ఎఫ్/8 దగ్గర 1/1600 దాకా వస్తుంది కాబట్టి ఇబ్బందే లేదు. ఆటో ఐఎస్ఓలో కనీస షటర్ వేగం నిర్ణయించే వీలు ఉందో లేదో కొనే ముందే మెనూలో వెతకాలి. ఉంటే పగటికి 1/500, గరిష్ఠ ఐఎస్ఓ 6400 అని పెట్టి మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. లేకపోతే మాన్యువల్ మోడ్‌లో అపెర్చర్, షటర్ బిగించి ఐఎస్ఓ ఒక్కటీ ఆటోకి వదలాలి.

చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షటర్ వీధికి వరమని ప్రచారం. సగమే నిజం. చాలా సెన్సర్లు చిత్రాన్ని పై వరస నుంచి కింది వరస దాకా వరసగా చదువుతాయి. దానికి సెకనులో ముప్పయ్యో వంతు పట్టిందనుకుంటే, గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఆలోపు 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చక్రం గుండ్రంగా కాక కోలగా పడుతుంది. రాజమండ్రి దగ్గర రైల్లోంచి తీస్తే ఆర్చి బ్రిడ్జి నిలువు కడ్డీలు ఒక పక్కకి ఒరిగి కనిపించేది ఇందుకే. షటర్ వేగం 1/4000 పెట్టినా ఈ వంకర పోదు.

సాయంత్రం మరో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే చవక ఎల్ఈడీలు సెకనుకి వంద సార్లు ఎక్కి దిగుతాయి. 1/500 దగ్గర సైలెంట్ షటర్‌తో బట్టల కొట్టు ముందు తీస్తే ఫొటో మీద నల్లటి అడ్డచారలు. మెకానికల్ షటర్‌కి మారి 1/100 లేదా 1/50 పెడితే పోతాయి. కానీ 1/100కి నడిచేవాళ్ళు మసగ్గా వస్తారు. అందుకని రాత్రిపూట నిలబడి పనిచేసేవాళ్ళని వెతకడమే తెలివి. పునుగుల బండి దగ్గర మూకుడు ముందు చిల్లుల గరిటె పట్టుకున్న మనిషి మొహం మీద పడే ఒక్క బల్బు వెలుగుకి ఎఫ్/2, 1/100, ఐఎస్ఓ 1600 నుంచి 3200 లోపు సరిపోతుంది. ఆవిరి కూడా బాగా పడుతుంది, బల్బు ఆవిరికి వెనకవైపు ఉండేలా నిలబడితే.

ఎక్కడ ఏ వెలుగు

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఘాట్లన్నీ పడమటికి చూస్తాయి. కనుక పుష్కర ఘాట్ మెట్ల మీంచి నదివైపు తీసేవాడికి పొద్దుటి ఎండ వీపు వెనక నుంచి వస్తుంది. ఒడ్డున భవనాలని దాటి సూర్యుడు పైకి వచ్చేదాకా మెట్లు నీడలోనే ఉంటాయి, ఆ మెత్తటి వెలుగులో స్నానాలు చేసేవాళ్ళ మొహాలు చక్కగా వస్తాయి. సాయంత్రం పొద్దు కొవ్వూరు వైపు దిగుతుంది, అప్పుడు మనుషులు నీడబొమ్మలవుతారు. అందరి దగ్గరా ఉండేది ఈ సాయంత్రపు ఫొటోనే. సూర్యోదయం నీళ్ళ మీద కావాలంటే వంతెన దాటి కొవ్వూరు గట్టుకి వెళ్ళాలి.

రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్‌ది వేరే లెక్క. కప్పు కింద చీకటి, అంచు దాటితే కళ్ళు చెదిరే ఎండ. రెండింటికీ తేడా అయిదారు స్టాపులు ఉంటుంది. లోపల గెలలు పేర్చే మనిషికి వెలుగు కొలిస్తే బయట రోడ్డంతా తెల్ల కాగితం అవుతుంది, రోడ్డుకి కొలిస్తే మనిషి బొగ్గు. కప్పు అంచు నుంచి లోపలికి మీటరో రెండు మీటర్లో ఉన్న జాగా ఒక్కటే పనికొస్తుంది. అక్కడ ఆకాశం వెలుగు మొహం మీద పక్కనుంచి పడుతుంది, నేపథ్యంలో షెడ్డు చీకటే ఉంటుంది. తీసేవాడు బయటివైపు పక్కగా నిలబడి లోపలికి చూడాలి. సైకిల్‌కి రెండువైపులా గెలలు కట్టి తోసుకొచ్చే మనిషి ఆ అంచు దాటే క్షణం కోసం ఆగితే చాలు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలిచిన వెలుగుని తగ్గించే, పెంచే సవరణ) మైనస్ 0.7 పెట్టుకోవాలి. తెల్ల పంచెలు, తెల్ల తువ్వాళ్ళు ఎక్కువ ఉన్నచోట కాలిపోయిన తెలుపు మళ్ళీ రాదు, నీడని మాత్రం రా ఫైలు (సెన్సర్ చదివినదంతా ఉండే ఫైలు) నుంచి రెండు మూడు స్టాపుల వరకు లేపుకోవచ్చు.

నీలం పట్టాల కింద కూరగాయల బజారు ఉంటే మనుషుల మొహాలన్నీ నీలమే. కెమెరా రంగులని తనంతట సరిచేసే ఆటో వైట్‌బ్యాలెన్స్ దీన్ని పూర్తిగా సరిచేయలేదు. ఎందుకంటే పట్టా నుంచి ఒక వెలుగు, సందులోంచి ఇంకో వెలుగు వస్తాయి. నలుపు తెలుపులోకి మార్చేయడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

జనం ఒత్తిడి ఉన్నచోట కంటికి కెమెరా ఆనించకూడదు. 2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. 2027లో పుష్కరాలు మళ్ళీ వస్తాయి. అలాంటి రోజుల్లో, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి చోట్ల కూడా, గుంపు అంచునే ఉండాలి. ప్రభ మోసేవాళ్ళకి ఎదురుగా పోకూడదు. వాళ్ళు చేలకి అడ్డంపడి పరుగెత్తుతారు, ఆపడం వాళ్ళ చేతిలో ఉండదు.

అడగడం గురించి ఒక మాట. ఇక్కడి వీధుల్లో ఫొటో తీస్తే కోపం కన్నా ముందు కుతూహలం వస్తుంది. "ఏ పేపరండీ?" అని ఒకరు, "యూట్యూబ్‌లో పెడతారా బాబూ?" అని ఇంకొకరు. నిజం చెప్పి స్క్రీన్ మీద ఫొటో చూపించి, వాళ్ళు కావాలంటే కెమెరా నుంచి ఫోనుకి దింపి వాట్సాప్‌లో అప్పటికప్పుడే పంపితే రెండోసారి ఆ వీధిలో పని సులువు. "వద్దండీ" అంటే ఎదురుగానే డిలీట్ చేయాలి. స్నానఘట్టాల్లో ఆడవాళ్ళ వైపు లెన్స్ తిప్పడం మర్యాద సంగతి అటుంచి నేరం కూడా కావచ్చు, భారతీయ న్యాయసంహిత 77వ సెక్షన్ అలాంటి చిత్రాల గురించే. గుడి లోపల, రైల్వే స్టేషన్లో, పోర్టు గేటు దగ్గర అడగనిదే తీయకపోవడం మంచిది.

తేమ, ఉప్పు, ఊక

గోదావరి జిల్లాల్లో కెమెరాని చంపేది దెబ్బ కాదు, బూజు. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే లెన్స్ లోపల ఫంగస్ పట్టే అవకాశం మొదలవుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ అంతకన్నా తక్కువ ఉండే రోజులే అరుదు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, బీరువాలో చీకటి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో అరకిలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఉంటే 40 నుంచి 50 శాతం మధ్య నిలుపుకోవచ్చు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగినా, నారింజ గింజలు ఆకుపచ్చగా మారినా 120 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు వేడి చేసి మళ్ళీ వాడాలి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మానాలి. బియ్యం తేమని అంతగా లాగవు, తవుడు దుమ్ము మాత్రం బటన్ల సందుల్లోకి దిగుతుంది.

ఆగస్టులో బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరా సరిగ్గా అలాంటి వస్తువే. బయటికి తీయగానే అద్దం మసకబారడం కనిపిస్తుంది గాని, ఆ తడి మౌంటు లోపలా, సెన్సర్ మీదా చేరడం కనిపించదు. సంచి జిప్పు వేసి ఉంచి బయట 20 నిమిషాలు అలాగే వదిలి తర్వాత తీయాలి. ఆ సమయంలో లెన్స్ మార్చకూడదు.

ఉప్పాడ, అంతర్వేది, కాకినాడ హార్బరు వైపు వెళ్ళొచ్చిన రోజు ఉప్పు తుడవాలి. లెన్స్ క్లీనర్లలో ఉండే ఆల్కహాల్‌కి ఉప్పు సరిగా కరగదు. డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో బాడీ అంతా తుడిచి, పొడిగుడ్డతో మరోసారి తుడిస్తే సరిపోతుంది.

రైసుమిల్లులున్న రోడ్ల మీద ఊక దుమ్ము, ఇసుక లారీలు తిరిగే చోట సన్న ఇసుక. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే చాలా బాడీల్లో సెన్సర్ ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది, అడ్డంగా అద్దం లేదు కదా. ఆఫ్ చేసి, మౌంటు నేలవైపు వంచి మార్చాలి. ఇంకా మేలు, మార్చకుండా ఉండడం. నోటితో ఊదితే ఉమ్మి తుంపర సెన్సర్ మీద పడి ఆరిపోతుంది, రబ్బరు బ్లోయర్ ఒక్కటే వాడాలి. ఒక ఛార్జికి మూడొందల నుంచి నాలుగొందల ఫొటోలు వస్తాయి కాబట్టి రెండో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.

పాత కెమెరా కొనేటప్పుడు

సెకండ్‌హ్యాండ్ బజారులో ఈ జిల్లాల బాడీలు దొరికితే తేమ ఆనవాళ్ళే మొదట చూడాలి. లెన్స్‌ని బాడీ నుంచి విప్పి, అపెర్చర్ తెరిచి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూస్తే ఫంగస్ సాలీడు గూడు పోగుల్లా కనిపిస్తుంది. దుమ్ము చుక్కలుంటే పర్వాలేదు, పోగులుంటే వద్దు. పట్టు దగ్గర రబ్బరు జిగటగా ఉబ్బిందా, ఫ్లాష్ తగిలించే హాట్‌షూలో తుప్పు, బ్యాటరీ అరలో పచ్చటి చిలుము ఉన్నాయా అని చూడాలి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ మసగ్గా ఉంచి, ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. బ్లోయర్‌తో ఊదినా కదలనివి తడి ఆరిన గుర్తులు కావచ్చు. మెకానికల్ షటర్, ఎలక్ట్రానిక్ షటర్ రెండింటితోనూ 1/4000 దగ్గర తెల్లగోడని తీసి ఒక అంచు నల్లబడుతోందా అని పోల్చాలి. సీరియల్ నంబరు బిల్లుతో కలవాలి. బిల్లు లేని గ్రే మార్కెట్ (అధికారిక దారిన దిగుమతి కాని) సరుక్కి కంపెనీ వారంటీ వర్తించదు, పెద్ద మరమ్మతు వస్తే పూర్తి ఖర్చు మనదే. ఈ పరీక్షలకి పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఇవ్వనంటే ధర ఎంత తగ్గించినా ఆ కెమెరా వదిలేయాలి.